మరచిపోయి మళ్ళీ వెతుక్కున్న ముఖం: లూయీజ్ బ్రూక్స్

1928 ప్రాంతంలో పారమౌంట్ స్టూడియో ఫొటోగ్రాఫర్ యూజీన్ రాబర్ట్ రిచీ తీసిన ఒక ఫొటోలో నల్లని నేపథ్యం ముందు, నల్లని దుస్తుల్లో, నల్లని జుట్టుతో ఒక యువతి కనిపిస్తుంది. నలుపులో నలుపు కలిసిపోగా మన కంటికి ఆనేవి మూడే: తెల్లని ముఖం, చేతులు, మెడ నుంచి కిందికి జాలువారే పొడవాటి ముత్యాల దండ. కనుబొమల దాకా కత్తిరించిన ముంగురులు, చెంపల మీదికి కొసదేలి వచ్చిన జుట్టు ఆ ముఖానికి చట్రం కట్టినట్టుంటాయి. ఈ ఫొటోను ఏదో ఒక చోట చూసినవారు లక్షల్లో ఉంటారు, కానీ ఆ యువతి నటించిన సినిమా ఒక్కటైనా చూసినవారు వారిలో చాలా తక్కువ.

ఆమె పేరు లూయీజ్ బ్రూక్స్. 1906 నవంబర్ 14న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో చెరీవేల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. 1985 ఆగస్టు 8న న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో కన్నుమూశారు. 1925 నుంచి 1938 వరకు సుమారు రెండు డజన్ల సినిమాల్లో నటించారు. వాటిలో చాలా వరకు మూకీలే. హాలీవుడ్‌లో ఆమె ఎన్నడూ మొదటి వరుస తార కారు. ఆమెకంటే ఎన్నో రెట్లు ప్రేక్షకులను థియేటర్లకు రప్పించిన నటీమణుల పేర్లు ఇవాళ సినిమా చరిత్ర చదివేవారికే తెలుసు. మరి ఈమె ముఖాన్ని గోడ మీద పెట్టుకునేవారు, ఈమె సినిమా వేస్తున్నారంటే వేరే ఊరికి ప్రయాణం కట్టేవారు, ఈమె రాసిన వ్యాసాలను మళ్ళీ మళ్ళీ చదివేవారు తరం తరానికీ ఎందుకు పుట్టుకొస్తున్నారు? అందం అనో, జుట్టు అనో, మార్మికత అనో ఒక్క మాటలో చెప్పే సమాధానాలు నాకు సరిపోలేదు. ఈ అభిమానం అనేక పోగులు కలిసిన పేట, ఏ పోగు ఎక్కడ మొదలైందో విడిగా చూస్తేనే విషయం తెలుస్తుంది.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. బ్రూక్స్ పట్ల అభిమానం నాటి నుంచి నేటి దాకా ఎడతెగకుండా సాగి వచ్చినది కాదు, మధ్యలో పూర్తిగా తెగిపోయింది. 1928లో పారమౌంట్‌తో జీతం దగ్గర తేడా వచ్చి, స్టూడియో అధిపతి బి.పి. షుల్‌బర్గ్ పెంచనంటే ఆమె ఒప్పందం వదులుకుని బెర్లిన్ వెళ్ళిపోయారు. అక్కడ జర్మన్ దర్శకుడు జి.డబ్ల్యు. పాబ్స్ట్ ఆమెతో 'పండోరాస్ బాక్స్', 'డైరీ ఆఫ్ ఎ లాస్ట్ గర్ల్' తీశారు. రెండూ 1929లోనే విడుదలయ్యాయి, అప్పటికే లోకం టాకీల వైపు తిరిగింది. అమెరికాకు తిరిగి వచ్చాక ఆమెకు చిన్న వేషాలు తప్ప దక్కలేదు. 1938లో జాన్ వేన్ కౌబాయ్ సినిమా ఒకటి చేసి ఇక తెర వదిలేశారు. 1940లో పుట్టింటివారున్న విచితా నగరానికి వెళ్ళి నాట్య పాఠశాల పెట్టారు, అది నడవలేదు. న్యూయార్క్‌కు మారి కొంతకాలం ఒక పెద్ద దుకాణంలో అమ్మకాల పని చేశారు. అక్కడ ఆమె దగ్గర బట్టలు కొన్నవారిలో ఎందరు ఆమెను గుర్తుపట్టి ఉంటారు? ఆ పాతికేళ్ళలో లూయీజ్ బ్రూక్స్ అభిమానులనే వర్గమే లేదనడం అతిశయోక్తి కాదు.

అతుకు పడింది 1955లో. పారిస్‌లో సినిమా అరవయ్యేళ్ళ పండుగ సందర్భంగా ఫ్రాన్స్ సినిమా భాండాగారమైన సినిమాతెక్ ఫ్రాన్సేజ్ స్థాపకుల్లో ఒకరైన ఆన్రీ లాంగ్లవా ఏర్పాటు చేసిన ప్రదర్శన ముఖద్వారంలో ఆమె నిలువెత్తు చిత్రాన్ని వేలాడదీశారు. గ్రేటా గార్బో, మార్లీన్ డీట్రిచ్ లాంటి పెద్ద తారలు ఉండగా ఈమె ఎందుకని అడిగినవారికి, గార్బో లేదు, డీట్రిచ్ లేదు, ఉన్నది లూయీజ్ బ్రూక్స్ ఒక్కతే అని లాంగ్లవా చెప్పిన మాట ఆ తర్వాత అభిమానులకు తారకమంత్రమైంది. దాదాపు అదే సమయంలో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ ఫిల్ము భాండాగారాన్ని చూసుకునే జేమ్స్ కార్డ్ ఆమె ఆచూకీ పట్టుకుని, 1956లో ఆమెను ఆ ఊరికి రప్పించారు. 1958లో పారిస్‌లో ఆమెకు ప్రత్యేక సత్కారం జరిగింది. అంటే ఈ అభిమానం మూకీ కాలపు ప్రేక్షకుల నుంచి వారసత్వంగా వచ్చింది కాదు. సినిమాలను రీళ్ళ డబ్బాల్లోంచి తీసి మళ్ళీ చూసిన కొద్దిమంది మొదలుపెట్టినది. ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే తన కాలపు హడావుడి, పత్రికల ప్రచారం ఏవీ తోడు లేకుండా, కేవలం తెర మీది పనితనం ఆధారంగా రెండోసారి నెగ్గిన నటి ఆమె.

ఇక జుట్టు సంగతి. ఆ కత్తిరింపు ఆమె చిన్ననాటి నుంచీ ఉన్నదే. నలుపు తెలుపు ఫిల్ము మీద అది అద్భుతంగా పనిచేస్తుంది: చుట్టూ గాఢమైన నలుపు ఉండటం వల్ల ముఖం దానంతట అదే ముందుకు వస్తుంది, ముఖంలోని చిన్న కదలిక కూడా పెద్దగా కనిపిస్తుంది, వందేళ్ళ నాటి ఫొటో కూడా నిన్న తీసినట్టుంటుంది. 1920ల నాటి ఇతర తారల ఉంగరాల జుట్టు, సన్నని గుండ్రని పెదవుల అలంకరణ వారిని ఆ కాలానికే కట్టి పడేస్తే, ఈమె రూపంలో కాలాన్ని పట్టిచ్చే ఆనవాళ్ళు తక్కువ. 1965 నుంచి ఇటలీ చిత్రకారుడు గీదో క్రెపాక్స్ తన వాలెంతీనా కామిక్స్ నాయికకు ఇదే రూపం ఇచ్చారు. ఆ తర్వాత ఎన్ని ఫ్యాషన్ పత్రికల ముఖచిత్రాలు దీన్ని అనుకరించాయో లెక్కలేదు.

అయితే జుట్టే కారణమనుకుంటే కాలీన్ మూర్‌ను ఏమనాలి? 1923లో 'ఫ్లేమింగ్ యూత్' సినిమాతో ఆ పొట్టి జుట్టును అమెరికా అంతటా వ్యాపింపజేసింది ఆమె. వసూళ్ళ విషయంలో బ్రూక్స్‌కు అందనంత ఎత్తులో ఉన్న తార. పారమౌంట్‌లోనే క్లారా బో జనాదరణ ముందు బ్రూక్స్ జనాదరణ దీపం పక్కన మిణుగురు లాంటిది. జుట్టు అభిమానిని ఆమె దగ్గరికి తీసుకొస్తుంది, అది నిజం. అతన్ని అక్కడ కూర్చోబెట్టేది మాత్రం మరొకటి.

మన అలంకారికులు అభినయాన్ని ఆంగికం (శరీర కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగుగా చెప్పారు. మూకీ సినిమాలో వాచికం లేదు, తెర మీద పడే అక్షరాలు దాని స్థానాన్ని అరకొరగా నింపుతాయి. కాబట్టి ఆ కాలపు నటీనటుల్లో ఎక్కువమంది ఆ లోటును ఆంగికంతో పూడ్చబోయారు: దుఃఖానికి చెయ్యి నుదుటికి, భయానికి వెనక్కి రెండడుగులు, ప్రేమకు రెండు చేతులూ గుండెకు. అవన్నీ రంగస్థలంలో వెనక వరుసవారికి అందడానికి పుట్టిన గుర్తులు. క్లోజప్‌లో అవి ఎక్కువైపోతాయి, నేటి ప్రేక్షకుడికి నవ్వు కూడా తెప్పిస్తాయి. బ్రూక్స్ ఈ లోటును సాత్త్వికంతో నింపారు. లోపల భావం పుట్టడం, అది ముఖం మీదికి రావడానికి పట్టే క్షణం, వచ్చాక దాన్ని దాచుకోవాలా వద్దా అన్న తటపటాయింపు, ఇవన్నీ ఆమె ముఖంలో వరసగా కనిపిస్తాయి. సినిమా గొప్పతనం ముఖాన్నీ శరీరాన్నీ కదిలించి వర్ణించడంలో లేదని, ఒంటరితనంలోంచి ప్రసరించే ఆలోచనల, ఆత్మ కదలికల్లో ఉందని ఆమె తర్వాతి రోజుల్లో రాశారు, అది తన నటనకు తానే రాసుకున్న వ్యాఖ్యానం.

ఆంగికం ఆమెకు రాదని కాదు. అసలు ఆమె నర్తకి. పదిహేనేళ్ళ వయసులో, 1922లో, రూత్ సెయింట్ డెనిస్, టెడ్ షాన్ నడిపే డెనిషాన్ నాట్య బృందంలో చేరారు. అమెరికన్ ఆధునిక నాట్యానికి తర్వాత మూలస్తంభమైన మార్తా గ్రాహం ఆ బృందంలోనే ఉండేవారు. మార్తా గ్రాహం నాట్యం చూసి నటన నేర్చుకున్నానని, చార్లీ చాప్లిన్ నటన చూసి నాట్యం నేర్చుకున్నానని బ్రూక్స్ చెప్పుకునేవారు. శరీరం మీద పూర్తి అదుపు ఉన్నవారికే కదలకుండా ఉండటం సాధ్యమవుతుంది. ఆమె నిశ్చలత వెనక నాట్య సాధన ఉంది.

'పండోరాస్ బాక్స్' ఎత్తుగడ చూడండి. బ్రూక్స్ వేసిన నాయిక పాత్ర లులు ఇంటి గుమ్మంలో కరెంటు మీటరు చూడటానికి వచ్చిన ఒక ముసలాయన నిలబడి ఉంటాడు. ఆమె అతనికి డబ్బులిచ్చి, తాగడానికి కొంచెం పోసి, ఒక నవ్వు నవ్వుతుంది. ఆ ముసలాయనకు లోకమంతా వెలుగైపోతుంది. అంతలో తలుపు దగ్గర మరో ముసలివాడు, ఆమె పాత పరిచయస్థుడు షిగోల్ష్, కనబడగానే ఆమె అదే నవ్వుతో, అంతకంటే ఎక్కువ సంతోషంతో అతని వైపు పరుగెడుతుంది. మీటరు మనిషి అక్కడే ఉన్నాడన్న సంగతి ఆమెకు గుర్తే ఉండదు. ఇందులో కపటం లేదు, వల వేయడం లేదు. ఎదురుగా ఎవరుంటే వారి మీద ఆమె దృష్టి నూటికి నూరు పాళ్ళు ఉంటుంది, పక్కకు తిరిగితే ఆ దృష్టి కూడా తిరుగుతుంది. రాబోయే రెండు గంటల కథంతా, మనుషుల పతనాలన్నీ, ఆ రెండు నిమిషాల్లోనే ఉన్నాయి. మరొక నటి అయితే ఇక్కడ మోహిని వేషం కట్టేది. బ్రూక్స్ ఒక చిన్నపిల్ల లాంటి మనిషిని చూపించారు.

ముగింపు కూడా అంతే. లండన్‌లో పొగమంచు కమ్మిన క్రిస్మస్ రాత్రి, వీధిలో కలిసిన మనిషి తన దగ్గర డబ్బు లేదంటాడు. పర్వాలేదు, నువ్వు నచ్చావు అన్నట్టు ఆమె పైకి పిలుస్తుంది. వెనక దాచిన కత్తిని అతను మెట్ల సందులోంచి కిందికి వదిలేస్తాడు. గదిలో కొవ్వొత్తి వెలుగులో బల్ల మీద మరో కత్తి మెరుస్తుంది. ఆ తర్వాత మనకు ఆమె ముఖం కనిపించదు, అతని వీపు మీద ఉన్న ఆమె చెయ్యి మాత్రమే కనిపిస్తుంది, ఆ చెయ్యి మెల్లగా సడలి జారిపోతుంది. హత్య అంతా ఆ చేతిలోనే జరిగింది. నేను ఈ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూసినా ఆ వేళ్ళ దగ్గర ఊపిరి బిగబట్టక తప్పలేదు.

ఇదే నటనను 1929లో బెర్లిన్ విమర్శకులు నటనే కాదన్నారు. ఫ్రాంక్ వేడెకిండ్ నాటకాల్లోని లులు జర్మన్లకు సొంత పాత్ర, దానికి మార్లీన్ డీట్రిచ్‌ను కూడా కాదని పాబ్స్ట్ ఒక అమెరికన్ పిల్లను తెచ్చారన్న కోపం ఒకటి ఉంటే, ఆమె ఏమీ చేయడం లేదన్న ఫిర్యాదు మరొకటి. ఈ చిక్కుముడిలో నాకు అన్నిటికంటే విలువైన సాక్ష్యం సినిమా చరిత్రకారిణి లోటె ఐస్నర్‌ది. జర్మన్ సినిమా మీద 1952లో వెలువరించిన తన పుస్తకంలో ఆమె, బ్రూక్స్ గొప్ప కళాకారిణా, లేక అందంతో కళ్ళు చెదరగొట్టి తనలో లేని లోతును ప్రేక్షకుడి చేత ఊహింపజేసే మనిషా అని సందేహం వెలిబుచ్చారు. తర్వాతి కూర్పులో ఆ సందేహాన్ని తీసేసి, ఆమె అసాధారణమైన తెలివి గల ఆశ్చర్యకరమైన నటి అని దిద్దుకున్నారు. సినిమా మారలేదు, చూసే కన్ను మారింది. యుద్ధానంతరం ప్రేక్షకులు తక్కువ చేసి ఎక్కువ చెప్పే నటనకు అలవాటు పడ్డాక, పాతికేళ్ళ ముందే ఆ పని చేసిన మనిషి వారికి తమ కాలపు మనిషిలా కనిపించింది. అభిమానులు ఆమెను ఆధునికురాలు అనడంలోని అసలు అర్థం ఇదే.

పాబ్స్ట్ వాటా ఇందులో చిన్నది కాదు. చివరి ఘట్టాల కోసం ఆమెకు ప్రాణమైన సొంత దుస్తులనే తీసుకుని చింపించి, జిడ్డు పూయించారని, తాను ఎంత ఏడ్చినా వినలేదని ఆమె రాశారు. పాడైన ఆ బట్టలు వేసుకుని నిలబడ్డాక దిగజారడం అంటే ఏమిటో నటించాల్సిన అవసరమే రాలేదు. ఆమెతో వాదించకుండా, సిద్ధాంతాలు చెప్పకుండా, నిజమైన చిరాకును, నిజమైన సంతోషాన్ని సరిగ్గా కెమెరా తిరిగే వేళకు రప్పించే నేర్పు ఆయనది. హాలీవుడ్‌లో అలాంటి దర్శకుడు ఆమెకు దొరికి ఉంటే అని అభిమానులు వగచడం సహజం. విలియం వెల్‌మన్ 1928లో తీసిన 'బెగ్గర్స్ ఆఫ్ లైఫ్'లో మగ బట్టలు తొడుక్కుని గూడ్సు రైళ్ళెక్కి పారిపోయే అమ్మాయిగా ఆమెను చూస్తే ఆ వగపులో న్యాయం ఉందనిపిస్తుంది.

అయితే ఎంత గొప్పగా నటించినా ఫిల్ము మిగలకపోతే అభిమానం దేని మీద నిలుస్తుంది? ఆ రోజుల్లో వాడిన నైట్రేట్ ఫిల్ము తొందరగా అంటుకుంటుంది, నిల్వ ఉంచితే జిగురై పొడి అవుతుంది. టాకీలు వచ్చాక పాత రీళ్ళకు ఉన్న విలువ వాటిలోని వెండికే. అమెరికాలో 1912 నుంచి 1929 వరకు తీసిన పదివేల పైచిలుకు మూకీ కథాచిత్రాల్లో అసలు రూపంలో మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. కాలీన్ మూర్ 'ఫ్లేమింగ్ యూత్' నుంచి మిగిలింది చిన్న ముక్క. బ్రూక్స్ అమెరికన్ సినిమాల్లోనూ అనేకం పోయాయి. కానీ ఆమె ఉత్తమ నటన ఉన్న రెండు జర్మన్ సినిమాలు, కత్తెర దెబ్బలు తిని అయినా, మిగిలాయి. 'పండోరాస్ బాక్స్'ను ఒక్కో దేశం ఒక్కో రకంగా కోసింది. కొన్ని ప్రింట్లలో లులు హంతకుడి చేతిలో చనిపోకుండా సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థలో చేరి బాగుపడినట్టు ముగింపు కూడా మార్చారు. వివిధ దేశాల ఆర్కైవ్‌లలోని ప్రింట్లను పక్కపక్కన పెట్టి, తెగిన చోటల్లా కుట్టి, ఇప్పుడు మనం చూసే రూపాన్ని తయారుచేశారు.

ఈ అదృష్టం విలువ తెలియాలంటే మన వైపు ఒకసారి చూడాలి. సులోచన అనే తెర పేరుతో వెలిగిన రూబీ మైయర్స్ 1920ల బొంబాయి మూకీల మహారాణి. టెలిఫోన్ ఆపరేటర్ ఉద్యోగం నుంచి వచ్చి, 1927లో 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బొంబాయి'లో ఎనిమిది వేషాలు వేశారు, 1973 దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఆమెను వరించింది. ఆమె మూకీలను చూద్దామంటే దాదాపు ఏమీ లేవు. మన దేశంలో తీసిన వెయ్యికి పైగా మూకీల్లో మిగిలినవి పదుల్లోనే. మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ'లో గంగగా నటించిన పెగ్గీ కాస్టెలో అనే ఆంగ్లో ఇండియన్ నటి పేరు తెలుగు సినిమా చరిత్ర చదివినవారందరికీ తెలుసు, ఆమె కదలికను మాత్రం మనం చూడలేం. ఆమెలోనూ ఒక బ్రూక్స్ ఉందేమో ఎవరు చెప్పగలరు? ఈ ఆలోచన నన్ను నిజంగా బాధపెడుతుంది.

రెండో జీవితం ఆమెకు కలం ఇచ్చింది. రోచెస్టర్‌లో పాత సినిమాలు చూస్తూ, తోటి నటుల గురించి, స్టూడియోల గురించి సినిమా పత్రికల్లో వ్యాసాలు రాశారు. పాబ్స్ట్, హంఫ్రీ బోగార్ట్, డబ్ల్యు.సి. ఫీల్డ్స్ ఆ వ్యాసాల్లో ప్రాణంతో తిరుగుతారు. లిలియన్ గిష్, గార్బోల మీద రాసినదానిలో స్టూడియో పెద్దలు తారలను ఎలా తయారుచేస్తారో, జీతం పెరిగి మాట వినడం మానితే ఎలా పడగొడతారో లోపలి మనిషిగా విప్పి చెప్పారు. 1979లో బ్రిటిష్ విమర్శకుడు కెనెత్ టైనన్ న్యూయార్కర్ పత్రికలో ఆమె మీద రాసిన సుదీర్ఘ వ్యాసం కొత్త తరాన్ని ఆమె దగ్గరికి నడిపించింది, 1982లో ఆమె వ్యాసాలు 'లులు ఇన్ హాలీవుడ్' పేరుతో పుస్తకమయ్యాయి. మాటలు లేని సినిమాలతోనే గుర్తుండిపోయిన ముఖానికి ఇంత నిక్కచ్చి అయిన, తన తప్పులను కూడా దాచని గొంతు ఉందని తెలిశాక పాఠకుడు మళ్ళీ సినిమా చూస్తాడు, ఆ నిశ్శబ్దంలో ఆ గొంతు వినిపిస్తుంది. పోయిన వాచికం యాభై ఏళ్ళ తర్వాత ఇలా తిరిగి వచ్చింది. మూకీ తారల్లో మరెవరికీ ఇంత సంపూర్ణంగా దక్కని భాగ్యమిది.

ఇక్కడ అభిమానులతో నాకు ఒక పేచీ ఉంది. హాలీవుడ్‌ను కాలదన్నిన ధీర అని ఆమె పతనాన్ని అందంగా చెప్పుకునే అలవాటు బలంగా ఉంది. ఆమె ధిక్కారం నిజమే: 'ది కెనరీ మర్డర్ కేస్'ను టాకీగా మార్చడానికి తిరిగి వచ్చి మాట్లాడమంటే ఆమె ఒప్పుకోలేదు, మార్గరెట్ లివింగ్‌స్టన్ చేత డబ్బింగ్ చెప్పించి, బ్రూక్స్ గొంతు టాకీలకు పనికిరాదన్న మాట ప్రచారం చేశారు. 'ది పబ్లిక్ ఎనిమీ'లో వచ్చిన వేషాన్ని ఆమె కాదనుకుంటే అది జీన్ హార్లోకు వెళ్ళింది. కానీ 1932లో దివాలా, ఆ తర్వాత మద్యం, లేమి, ఎవరో ఒకరి దయ మీద ఆధారపడటం కూడా నిజమే. చిన్ననాడు తొమ్మిదేళ్ళ వయసులో పొరుగున ఉన్న మనిషి తన మీద చేసిన అత్యాచారం జీవితమంతా వెంటాడిందని ఆమె స్వయంగా చెప్పారు. రాసుకున్న ఆత్మకథ ప్రతిని తానే మంటల్లో వేసి, దాన్ని ఎందుకు ఎప్పటికీ రాయనో వివరిస్తూ వేరే వ్యాసం రాసిన మనిషి ఆమె. ఆ బాధను పక్కన పెట్టి పొగరును మాత్రమే ప్రేమిస్తే లులును చుట్టుముట్టిన మగవాళ్ళు చేసిన పనే మనమూ చేసినట్టు: ఆమెలో తమకు కావలసింది చూసుకోవడం.

అదే అభిమానులు చేసిన మేలు చెప్పకపోవడం అన్యాయమవుతుంది. 1995 నుంచి ఇంటర్నెట్‌లో ఆమె పేరున నడుస్తున్న అభిమాన సంఘం పాత పత్రికల్లోని విడుదల తేదీలు, సమీక్షలు, ప్రకటనలు ఒక్కొక్కటీ ఏరి కూర్చుతూ, పరిశోధకులు కూడా ఆధారపడే సమాచార నిధిని తయారుచేసింది. ఎన్నో ఏళ్ళుగా పోయిందనుకున్న 1927 నాటి 'నౌ వియర్ ఇన్ ది ఎయిర్' సినిమా ముక్క ప్రాగ్‌లోని ఆర్కైవ్‌లో బయటపడి, బాగుచేసి 2017లో శాన్ ఫ్రాన్సిస్కోలో వేస్తే, ఆ 23 నిమిషాల కోసం జనం వచ్చారు. మరుసటి ఏడాది బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో, వేరే సినిమా రీళ్ళ కొసలకు అతికి ఉన్న కొన్ని టెక్నికలర్ తునకలు దొరికాయి. వాటిలో ఒకటి 1926 నాటి 'ది అమెరికన్ వీనస్'ది. ఆ సినిమా పోయింది. తునక నిడివి కొన్ని సెకన్లే, అందులో ఉన్నది లూయీజ్ బ్రూక్స్, రంగుల్లో.